మొదటి చాపకు రెండు ఆకులు చాలు

ప్రశ్న: మూడేళ్లుగా ఆక్లండ్‌లో ఉంటున్నాను. మాది నరసాపురం దగ్గర పల్లె. మా అమ్మమ్మ తాటాకు బుట్టలు, చాపలు అల్లుతుంది. ఇక్కడ పార్కుల్లో, రోడ్ల పక్కన కత్తుల్లాంటి ఆకుల పొదలు కనిపిస్తే నా చేతులు ఊరుకోవడం లేదు. పాలినేషియన్ కళలన్నీ నేర్చుకోవాలని ఉంది: అల్లిక, తాపా బట్ట, టాటూ డిజైన్లు. యూట్యూబ్ చూసి మొదలుపెడదామనుకుంటే ఆఫీసులో ఒకరు "అది వాళ్లది, ఊరికే ముట్టుకోకూడదు" అన్నారు. అప్పటినుంచి భయంగా ఉంది. ఎవరినీ నొప్పించకుండా ఎక్కడ మొదలుపెట్టాలి? పార్కులో ఆకు కోసుకోవచ్చా? బాగా వస్తే సంక్రాంతికి మా తెలుగు సంఘం స్టాల్‌లో పెట్టి అమ్మొచ్చా?

సమాధానం: పార్కులో ఆకు కోయకండి. మిగతావన్నీ నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు కానీ ఈ ఒక్కటీ ముందే చెప్పాలి. మీరు చూస్తున్న ఆ పొద పేరు హరకెకె. దారిపక్కన దానంతటది మొలిచినట్టు కనిపించినా, అందులో కొన్నింటిని అల్లేవాళ్లే రకం చూసి ఎంచి, తెచ్చి నాటుకుని ఉంటారు. అలాంటి తోటను పా హరకెకె అంటారు. ఏ పొద ఎవరిదో బయటివాళ్లకు తెలియదు. కౌన్సిల్ స్థలమైతే కౌన్సిల్‌ను అడగాలి, సంరక్షిత అడవిలో అయితే ప్రభుత్వ పరిరక్షణ శాఖ అనుమతి కావాలి. కాగితం మీద అనుమతి వచ్చినా, అక్కడ తరతరాలుగా కోస్తున్న స్థానిక మావొరి (న్యూజిలాండ్ మూలవాసులు) కుటుంబాలను అడగకుండా కత్తి పెట్టడం తప్పే. మీ మొదటి ఆకు మీ గురువు చూపించిన పొద నుంచే రావాలి.

మీ ఆఫీసులో ఆ మాట అన్నవారు సగమే చెప్పారు. ఇది వాళ్లదే, నిజం. అయితే ముట్టుకోనివ్వనిది కాదు. నేర్పేవాళ్లు ఉన్నారు, బయటివాళ్లకూ నేర్పుతున్నారు. వాళ్లు అడిగేది ఒక్కటే: వాళ్ల క్రమంలో నేర్చుకోమని. ఆ క్రమాన్ని తికంగ అంటారు. ఎవరినీ నొప్పించకుండా ఎలా అని అడిగారు, అంటే గౌరవం ఎలా చూపించాలనే. హరకెకె పనిలో దానికి విడిగా చోటు లేదు. ఆకు ఎక్కడ కోశారు, ఎన్ని కోశారు, మిగిలిన చెత్త ఎక్కడ వేశారు, మొదటి వస్తువు ఎవరికిచ్చారు అన్నవాటిలోనే అది ఉంటుంది.

అన్నీ నేర్చుకోవాలన్న ఆశను మాత్రం కాస్త తగ్గించుకోండి. పాలినేషియా ఒక్క ఊరు కాదు. సమోవా, తోంగా, హవాయి, తహితి, అఒతెఅరొఅ (న్యూజిలాండ్‌కు మావొరి పేరు), వేటి భాష వాటిది, వేటి పద్ధతులు వాటివి. తాపా బట్టను ఒక జాతి మల్బరీ చెట్టు బెరడును కొట్టి పలచగా సాగదీసి చేస్తారు. తోంగా, సమోవాలలో అది ఈనాటికీ పెళ్లిళ్లలో, చావుల్లో చేతులు మారే సొత్తు. సమోవాలో సన్నని చాప 'ఇఎ సమోవా'ను యునెస్కో 2019లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ద్వీపాల్లో చాపలకు వాడే పండానస్ మన మొగలి పొదకు దగ్గరి చుట్టం. పడవల మీద అఒతెఅరొఅకు వచ్చిన మావొరుల పూర్వీకులకు ఈ చలి నేలలో ఆ మొగలి జాతి దొరకలేదు. దొరికింది హరకెకె. చేతిలో ఉన్న పనితనాన్ని కొత్త ఆకుకు మళ్లించారు. తాటాకు ఎరిగిన చేయి హరకెకె దగ్గర ఆగిందంటే మీరు ఉన్న చోటికి తగిన కళనే పట్టుకున్నట్టు. ఒక నేల, ఒక ఆకు, ఒక గురువు చాలు. మిగతావాటి సంగతి తర్వాత.

టాటూ గురించి కూడా ఇక్కడే. తా మొకొ అంటే మావొరులకు ఒంటి మీద గీసిన వంశవృక్షం. అందులోని గీతలు ఒక మనిషి ఎవరి బిడ్డో చెబుతాయి. దాన్ని ఇంటర్నెట్ నుంచి దించుకుని అభ్యాసం చేయడం, సంచి మీద అచ్చు వేయడం వద్దు. మావొరి కానివారి కోసం, ఎవరి వంశాన్నీ చెప్పకుండా గీసేదానికి కిరితుహి అని వేరే పేరు ఉంది. అదీ ఆ పని తెలిసినవారి చేతే వేయించుకోవాలి.

ఇక గురువు. తె వానంగ ఒ అఒతెఅరొఅ అనే మావొరి విద్యాసంస్థ హరకెకె అల్లిక కోర్సులు నడుపుతుంది. అల్లికను రరంగ అంటారు. లైబ్రరీలు, కమ్యూనిటీ సెంటర్లు, మరై సభాప్రాంగణాలు వారాంతపు తరగతులు పెడుతుంటాయి. రోటొరువాకు వెళ్తే తె పుయియాలో అల్లేవాళ్ల పనిని దగ్గర కూర్చుని చూడవచ్చు. తరగతి ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు కనుక్కోండి: నేర్పేవారు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, కోత కూడా నేర్పుతారా లేక కోసి చీల్చిన పోగులే చేతికిస్తారా. కోత నేర్పని తరగతిలో ఒక మధ్యాహ్నం సరదాగా గడుస్తుంది కానీ పని సగమే తెలుస్తుంది. వీడియోలు తరగతి తర్వాత గుర్తు చేసుకోవడానికి పనికొస్తాయి. పోగును ఎంత బిగువుగా లాగాలో మాత్రం పక్కన కూర్చున్న మనిషి మీ చేతిని పట్టుకుని చెప్పాల్సిందే.

ఈ తలుపు మీకు తెరిచి ఉండటం వెనుక ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు ఈ విద్య కుటుంబంలోనే, బంధువర్గంలోనే సాగేది. తె కూయితి ప్రాంతపు రంగిమారియె హెతెత్ (1892–1995) 1951లో ఏర్పడిన మావొరి మహిళా సంక్షేమ సంఘం ద్వారా ఇతర తెగల స్త్రీలకూ నేర్పడం మొదలుపెట్టారు. తమలోనే దాచుకుంటే తమతోనే పోతుందన్న కాలం అది. ఆమె కూతురు డిగరెస్ తె కనవ (1920–2009) కూడా జీవితమంతా నేర్పారు. అలా చేతులు మారి నిలబడిన విద్య ఇది. ఎవరి దగ్గర నేర్చుకున్నావు అని అక్కడ అడిగితే అది కబుర్ల కోసం అడిగింది కాదు.

తరగతికి వెళ్లేముందు నోటిని కాస్త సిద్ధం చేసుకోండి. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక అదృష్టం ఉంది. మావొరి భాషలో ఐదు అచ్చులు, ఒక్కోదానికి పొట్టి, పొడుగు. మన అ ఆ, ఇ ఈ, ఉ ఊ, ఎ ఏ, ఒ ఓ సరిగ్గా అవే. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు తడబడేది అక్కడే. అక్షరం మీద అడ్డగీత ఉంటే దీర్ఘం, లేకపోతే హ్రస్వం. బుట్ట పేరు కెతె, రెండూ పొట్టివే. కేటే అనకండి. దీర్ఘం పడితే అర్థం మారిపోతుంది: కెకె అంటే కేకు, కేకే అంటే చంక. ర మన రకారమే. ఇంగ్లిష్‌లో ఎన్, జి అని రాసేది మనం బడిలో నేర్చుకుని ఎక్కడా వాడని ఙ. రరంగ అని రాసుకున్నా, చివర గ పలకకుండా ముక్కులోనే ఆపండి. డబ్ల్యు, హెచ్ కలిస్తే ఎక్కువ చోట్ల ఫ.

మొదటిరోజు మీ గురించి చెప్పమంటారు. పెపెహ అనే ఆ పరిచయంలో కొండ, నది, పెద్దల పేర్లు వస్తాయి. ఎవరో రాసిచ్చిన నమూనాలో ఆక్లండ్ కొండ పేరు పెట్టి "ఇది నా కొండ" అనేయకండి. అది ఇంకొకరి వంశానికి చెందిన మాట. గోదావరి ఒడ్డు నుంచి వచ్చాను, ఇప్పుడు ఈ కొండ నీడన ఉంటున్నాను అంటే చాలు, నిజమూ అదే. కరకియతో, అంటే ప్రార్థనతో పని మొదలవుతుంది. మాటలు రాకపోతే తల వంచి నిలబడండి. ఫీజు లేని తరగతైతే కొహ ఇస్తారు: కవరులో కొంత డబ్బు, లేదా అందరూ పంచుకునేందుకు తిండి. పులిహోర తీసుకెళ్లినా సంతోషిస్తారు, కానీ అది వేరే గదిలో ఉండాలి. ఆకు ఉన్నచోట తినరు, తాగరు.

దీన్ని చదవగానే మీకు మడి, ఎంగిలి గుర్తొస్తాయి. ఆ పోలిక కొంతదూరం సాయపడుతుంది. పరచిన ఆకును, అల్లుతున్న పనిని దాటకూడదు, తొక్కకూడదు అంటే మనకు వెంటనే అర్థమవుతుంది. తిండి బల్ల మీద కూర్చోకూడదన్నా అంతే. కానీ ఈ పట్టింపులకు వాళ్లు వాడే తపు (పవిత్రం, అందుకే ముట్టరానిది) అనే మాట మడికి అనువాదం కాదు. మన మడిలో ఎవరు ఎవరికన్నా ఎక్కువ అన్న లెక్క చాలా కాలంగా కలిసిపోయింది. ఆ లెక్కను వాళ్ల పద్ధతికి అంటించి చూడకండి. కొన్ని తెగల్లో నెలసరి రోజుల్లో స్త్రీలు ఆకు కోయరు. కొన్నిచోట్ల ఆ పట్టింపు వేరుగా ఉంటుంది. మీ గురువుది ఏ పద్ధతో ముందే విడిగా అడిగి తెలుసుకోండి. తరగతి మధ్యలో వాదనకు పెట్టకండి. తికంగ తెగ తెగకూ మారుతుంది. ఒకరి దగ్గర నేర్చుకున్నది పట్టుకుని ఇంకొకరిని దిద్దడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు.

ఇప్పుడు పొద దగ్గరికి. మొదట రకం గుర్తుపట్టండి. దగ్గరి పోలికలున్న రెండు జాతులున్నాయి, హరకెకె, ఫరరికి. గింజల కాయలు నిటారుగా, గట్టిగా నిలబడితే హరకెకె. మెలి తిరిగి కిందికి వేలాడితే ఫరరికి. హరకెకె ఆకు మూడు మీటర్ల దాకా పెరుగుతుంది, నార బలంగా ఉంటుంది. ఫరరికి ఆకు చిన్నది, మెత్తనిది. హరకెకెలోనే మళ్లీ చాపకు ఒకటి, బుట్టకు ఒకటి, నారకు ఒకటి అని రకాలున్నాయి. రెనె ఆర్కిస్టన్ అనే ఆమె ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి, అల్లేవాళ్లు కాపాడుకున్న ఇలాంటి రకాలను సేకరించారు. ఆ సేకరణ క్రైస్ట్‌చర్చ్ దగ్గరి లింకన్‌లో పెరుగుతోంది. నర్సరీలో అందానికి అమ్మే రంగురంగుల మొక్క కొని ఇంట్లో నాటుకుంటే అల్లికకు పనికిరాకపోవచ్చు. రకం ఏదో మీ గురువునే అడిగి, వీలైతే ఆ తోట నుంచే పిలక తెచ్చుకోండి.

ఆకులు విసనకర్రలా ఒకదానిపక్క ఒకటి పరుచుకుని ఉంటాయి. నడిమధ్య లేత మొవ్వు రితొ, బిడ్డ. దానికి ఇరువైపులా ఆనుకుని ఉన్న రెండూ అఫి రితొ, బిడ్డను పొదివి పట్టుకున్న తల్లిదండ్రులు. వాటికి బయట ఉన్నవి తూపున, తాతముత్తాతలు. కోసేది తూపుననే. నడిమి మూడింటి జోలికి పోరు. రితొను పెరికేస్తే కోమకొ పిట్ట ఎక్కడ కూస్తుంది అని మావొరి సామెత. పొద పరంగా చూసినా లెక్క అదే. కొత్త ఆకు పుట్టేది మధ్యనుంచి, దాన్ని గాలికి, చలికి ఆపేది ఆ రెండు. మధ్యలో కోస్తే ఆ విసనకర్ర మొత్తం కుళ్లి చచ్చిపోతుంది.

పదునైన కత్తి తీసుకోండి. మొద్దుకత్తితో ఆకు చీలుతుంది, గాయం మానదు. ఆకును కిందిభాగంలో పట్టుకుని కోత మధ్యనుంచి బయటికి, కిందికి వాలుగా పడేలా కోయాలి. అప్పుడు వాన నీళ్లు ఆ వాలు మీదుగా బయటికి జారిపోతాయి. లోపలికి వాలితే నీళ్లు మొవ్వులోకి దిగి కుళ్లు పడుతుంది. వానలో కోయకూడదు, చీకట్లో కోయకూడదు అనే నియమాలను కూడా ఈ వెలుగులో చూడండి. తడిలో తాజా గాయానికి తెగులు పడుతుంది, చీకట్లో మొవ్వేదో తాతేదో కనిపించదు. పూలకాడ, కోరరి, నిలిచి ఉన్నప్పుడు చాలామంది కోయరు. పూసిన విసనకర్ర ఒక్కసారే పూసి తన పని ముగించుకుంటుంది, బలమంతా అప్పుడు కాడకే పోతుంది. అంచుల్లో పురుగు కొరికిన గాట్లు, మధ్యలో కిటికీల్లా పలచబడిన మచ్చలు ఉన్న ఆకు పోగులకు పనికిరాదు. అది కూడా పాత ఆకైతే కోసి పొదను శుభ్రం చేస్తారు.

ఎన్ని ఆకులు? మొదటి పనిగా పది సెంటీమీటర్ల చదరపు చాప అల్లుదాం, గ్లాసు కింద పెట్టుకునేంత. సెంటీమీటరు వెడల్పు పోగులు నిలువుకు పది, అడ్డానికి పది. ఒక్కో పోగు అల్లికకు 10 సెంటీమీటర్లు, రెండు చివర్ల పట్టుకోవడానికి, మడవడానికి 15 చొప్పున, మొత్తం 40. ఆకు మొదలు, కొన తీసేశాక మధ్యలో ఒకే వెడల్పు ఉన్న భాగం మీటరున్నరకు తక్కువే అనుకోండి. 120 సెంటీమీటర్లు దొరికితే ఒక పొడుగు పోగు మూడు ముక్కలవుతుంది. ఆకు ఒక్కో సగం నుంచి రెండు పోగులు వచ్చినా ఆకుకు నాలుగు పోగులు, పన్నెండు ముక్కలు. కాబట్టి రెండు ఆకులు కోస్తే నాలుగు ముక్కలు మిగులుతాయి కూడా. కొత్తవాళ్లు చంకనిండా కోసుకొస్తారు. ఎండిపోయాక పారేస్తారు. పొద దగ్గర నిలబడి ఈ లెక్క వేసుకోవడం కరకియ అంత ముఖ్యం అనుకోండి.

కోసిన ఆకును రోజూ వాడే వంటబల్ల మీద కాదు, నేల మీద దుప్పటి పరిచి పనిచేయండి. మొదలులో గట్టిగా, రంగుగా ఉన్న భాగం నరికేయండి. ఆకు నడిమి ఈనె దగ్గర మడతపడి ఉంటుంది. ఈనెను, అంచున ఉండే రంగు గీతను చీల్చి తీసేయాలి. ఈ రెండూ వంగవు. ఒక్క పోగులో మిగిలినా అది చాపను పక్కకు లాగేస్తుంది. మిగిలిన మెత్తటి భాగాన్ని సెంటీమీటరు చొప్పున చీల్చండి. అలవాటైనవాళ్లకు బొటనవేలి గోరు చాలు. మీకు పిల్లల జామెట్రీ బాక్సులోని డివైడర్ పనికొస్తుంది. రెండు మొనలను సెంటీమీటరుకు పెట్టి, మొదలువైపు గుచ్చి, నార వెంట కొనదాకా లాగితే చీలిక తిన్నగా వస్తుంది. కత్తెరతో కత్తిరిస్తే నార అడ్డంగా తెగి పోగు బలహీనమవుతుంది.

తర్వాతది హాపినె, మెత్తబరచడం. అందరూ తొందరపడేది ఇక్కడే, పాడయ్యేదీ ఇక్కడే. ఆకుకు ఒక వైపు మెరుపు ఉంటుంది, ఇంకో వైపు ఉండదు. మెరుపు లేని వైపున, కత్తి వీపును ఆనించి, పోగును బొటనవేలితో నొక్కి లాగండి. మూడు నాలుగు సార్లు. కత్తి వీపు దగ్గర తడి కనిపిస్తుంది. ఆకులోని నీళ్లవి. అవి ఇప్పుడు ఎంత బయటికొస్తే అల్లాక అంత తక్కువ కుదించుకుపోతుంది. మెరుపు వైపు గీకితే పైతోలు లేచి మచ్చలు పడతాయి. హాపినె చాలకపోతే పోగు గొట్టంలా చుట్టుకుంటుంది. నిన్న చక్కగా అల్లిన చాపలో వారానికల్లా వేలు దూరేంత సందులు కనిపిస్తాయి. ఇంకా గట్టి పని కావాలంటే హాపినె చేసిన పోగులను మరుగుతున్న నీళ్లలో ఒక నిమిషం లోపే ముంచి తీసి, చల్లటి నీళ్లలో పెట్టి, నీడలో తీగ మీద ఆరేస్తారు. ఎక్కువసేపు ఉడికితే రంగు చెడుతుంది. ఆ గిన్నెలో మళ్లీ వంట చేయకూడదు, దాన్ని హరకెకెకే కేటాయించండి. ఎండిన పోగులు అల్లేముందు తడిగుడ్డలో చుట్టి కాసేపు ఉంచితే మెత్తబడతాయి. నీళ్లలో నానబెట్టడం వద్దు. ఉబ్బిన పోగు ఎండాక మళ్లీ కుదించుకుంటుంది, మీ శ్రమంతా వృథా.

అల్లిక తకితహి, ఒకటి పైన ఒకటి కింద. తాటాకు చాప చూసిన కంటికి కొత్తకాదు. పది పోగులు మెరుపు పైకి ఉండేలా పక్కపక్కన పరచండి. 1, 3, 5, 7, 9 పోగులను ఎత్తి వెనక్కి మడిచి, సరిగ్గా మధ్యలో అడ్డపోగు పెట్టి, మళ్లీ కిందికి దించండి. తర్వాత 2, 4, 6, 8, 10 ఎత్తి రెండోది. ప్రతి పోగునూ ముందుదానికి ఆనేదాకా వేళ్లతో జరపాలి. ఐదు అయ్యాక చాపను తిప్పి రెండోవైపు ఐదు. అంచునుంచి కాక మధ్యనుంచి మొదలుపెట్టడం ఎందుకంటే బిగువు రెండు వైపులా సమంగా పడుతుంది. నాలుగు మూలలా బట్టల క్లిప్పులు పెట్టి, మూలనుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. ఒకటి పొడుగ్గా ఉంటే చాప పక్కకు వాలింది, ఇప్పుడే లాగి సరిచేయండి, అంచు మడిచాక కుదరదు.

అంచు మడవడం ఇలా. చివరి అడ్డపోగు పైనుంచి బయటికొచ్చిన కొసను వెనక్కి, కిందినుంచి వచ్చిన కొసను ముందుకు మడవాలి. రెండూ ఆ చివరి పోగును చుట్టేసి జారకుండా పట్టుకుంటాయి. మడిచిన కొసను తాను వచ్చిన దారినే ఎదురు దూర్చండి, కనీసం మూడు గళ్లు. సందు బిగుసుకుపోయి ఉంటే వెన్నరాసే మొద్దు చాకు కొనతో తెరవండి. మిగిలింది గడి అంచుకు కత్తిరించండి. పూర్తయినదాన్ని నీడలో, గాలి తగిలేచోట ఆరనివ్వండి. పచ్చిగా ఉండగా ప్లాస్టిక్ సంచిలో పెడితే ఆక్లండ్ తేమకు రెండు రోజుల్లో బూజు. పచ్చరంగు క్రమంగా ఎండుగడ్డి రంగుకు మారుతుంది. మీరు చేసిన పొరపాటేమీ కాదు, ఆకు స్వభావం. అల్లిక మొదలుపెట్టిన చిన్న పనిని ఆ పూటే ముగించడం మర్యాద, అందుకే మొదటిసారి పది సెంటీమీటర్లు చాలు అన్నది.

కత్తిరించిన ముక్కలు, ఈనెలు, అంచులు, వీటన్నిటినీ పర అంటారు. చెత్తబుట్టలో వంటింటి చెత్తతో కలపరు, కాల్చరు. చిన్నచిన్నగా కోసి ఆ పొద చుట్టుపక్కల నేలకే తిరిగి ఇస్తారు. మొదటి చాప మీరు ఉంచుకోకూడదు, అమ్మకూడదు. ఎవరికైనా ఇచ్చేయాలి, గురువుకో, పెద్దవారికో. మొదటి కాపు దేవుడికి పెట్టే ఇంట్లో పెరిగినవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వంకరగా వచ్చినా అదే ఇవ్వాలి. బాగా వచ్చిన రెండోది ఇద్దామనే ఆలోచన మానుకోండి.

ఈ చాప చేతికి అలవాటయ్యాక తిండి వడ్డించే చిన్న బుట్టలు కొనొ, రొఉరొఉ, ఆ తర్వాత పిడులున్న కెతె, ఇంకా తర్వాత తకిరువ, అంటే రెండు పైన రెండు కింద. ముస్సెల్ అనే ఆల్చిప్పతో గీకి నార తీయడం, ఆ ముక నారను తొడ మీద పేని అంగవస్త్రాలు అల్లడం ఏళ్ల మాట. దానికి మీ గురువే ఎప్పుడో పిలుస్తారు, మీరు అడిగి తొందరపెట్టకండి.

స్టాల్ సంగతి. మొదటి ఏడాది ఆ ఆలోచనే పెట్టుకోవద్దన్నది మా మాట. తర్వాత కూడా గురువును అడిగాకే. వద్దన్నారా, అక్కడితో ఆగిపోవాలి. సరే అన్నారా, బల్ల మీద కార్డు పెట్టండి: ఏ ఆకు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, వారి అనుమతి ఉంది అని. మావొరి వస్తువులు అని బోర్డు పెట్టకండి. మీ చేతి పని మావొరి చేతి పని కాదు. కొనేవారికి ఆ తేడా తెలియాలి. మావొరి చేతిపనికి గుర్తుగా తొయి ఇహొ అనే ముద్ర 2002 నుంచి ఉంది. దాని జోలికి మీరు పోకూడదు. నమూనాల విషయంలో ఇంకా జాగ్రత్త. మెట్లలా పైకెళ్లే పొఉతమ, సముద్ర పక్షి కన్నీళ్లు అనే అర్థమున్న రొయిమత తొరొఅ లాంటివి అలంకారాలు మాత్రమే కావు, ఒక్కోదాని వెనుక చెప్పే కథ ఉంది, ఎవరు ఎక్కడ వాడాలన్న పట్టింపు ఉంది. నేర్చుకోవడానికి అల్లండి, అమ్మడానికి గళ్ల అల్లిక చాలు.

ఇంత పట్టింపు ఎందుకని మీకు అనిపించవచ్చు. తమ విద్య, తమ మొక్కలు, తమ కళాఖండాల మీద మాట తమకే ఉండాలని ఆరు తెగలవాళ్లు 1991లో, మావొరుల ఫిర్యాదులు విచారించే వైతంగి ట్రిబ్యునల్ ముందు దావా వేశారు. వై 262 అని దాని పేరు. తీర్పు నివేదిక రావడానికి 2011 దాకా పట్టింది. అప్పటికి దావా వేసినవారిలో చాలామంది లేరు. 'క మతె' అనే హకాను (మావొరి నృత్యగానాన్ని) వాణిజ్య ప్రచురణల్లో, సినిమాల్లో వాడేవారు దాని కర్త పేరు, తెగ పేరు చెప్పాలన్న చట్టం 2014లో వచ్చింది. పేరు చెప్పించుకోవడానికే ఇంత కాలం పట్టిన జనం ముందు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పే ఒక చిన్న కార్డు మనకు భారం కాకూడదు.

చివరిగా, మీ అమ్మమ్మ బుట్ట. ఊరు వెళ్లినప్పుడు ఒకటి తెచ్చి గురువుకు చూపించండి. అల్లేవాళ్లకు ఇంకో నేల అల్లిక కన్నా మంచి కానుక ఉండదు. ఆక్లండ్ విమానాశ్రయంలో మొక్కలతో చేసిన వస్తువు ఉందని డిక్లరేషన్‌లో తప్పకుండా రాయండి. దాచితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. పచ్చి ఆకు ఎలాగూ రానివ్వరు, శుభ్రంగా ఎండిన బుట్టే తేవాలి, మట్టి, పురుగు, గింజ ఏదీ అంటి ఉండకూడదు. బుట్ట చూడగానే గురువు మిమ్మల్ని అడిగే ప్రశ్నలు ఊహించడం కష్టం కాదు: ఆకు చెట్టు మీద ఏ వయసులో కోస్తారు, మొవ్వు వదిలేస్తారా, ఎన్నాళ్లు ఎండబెడతారు, అల్లేముందు తడుపుతారా. ఈసారి అమ్మమ్మకు ఫోన్ చేసినప్పుడు ఇవన్నీ అడిగి రాసిపెట్టుకోండి.